ఎనిమిది సంచులు, ఆరు రకాల ముడత: తిరుపతి మిద్దె మీద టమోటా డైరీ

జనవరి 20, నాటిన రోజు

కొర్లగుంటలో ఒక మిద్దె. ఎనిమిది గ్రో బ్యాగులు, ఒక్కోటి 12×12 అంగుళాలు. పైన రెండంగుళాలు వదిలి నింపితే సంచికి దాదాపు 18 లీటర్ల మట్టి పడుతుంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, సంచికి 100 గ్రాముల వేపపిండి. కొబ్బరి పొట్టు ఇటుకను నానబెట్టి మూడుసార్లు పిండి నీళ్లు పారబోశాకే కలిపాం. కడగని పొట్టులో ఉప్పు ఉంటుంది, అది తర్వాత ఆకుల మీద బయటపడుతుంది.

రకాలు రెండు. 1, 2, 3, 7 సంచుల్లో అర్క రక్షక్. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ల హైబ్రిడ్, తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్‌ను తట్టుకుంటుంది. 4, 5, 6, 8లో పీకేఎం-1. గుబురుగా పెరిగే రకం, వైరస్‌కు లొంగుతుంది. 1 నుంచి 4 వరకు పడమటి పిట్టగోడ వెంట, పూర్తి ఎండలో. 5, 6 నీళ్ల ట్యాంకు నీడన, పక్కనే ఒక మిరప కుండీ. 7, 8 మెట్ల దగ్గర, చిక్కుడు పందిరి కింద. ఏ సంచి ఎక్కడుందో ఇంత వివరంగా రాసి పెట్టుకోవడానికి కారణం ఉంది. ముడత వచ్చాక మొదట అడగాల్సింది ‘ఏ మందు కొట్టాలి’ అని కాదు, ‘ఏ మొక్కకు వచ్చింది, దేనికి రాలేదు’ అని.

ఫిబ్రవరి 14

1, 2, 3 మొక్కల్లో కింది ఆకులు ముడుచుకున్నాయి. పొడవునా రెండు అంచులూ పైకి లేచి, దాదాపు గొట్టంలా చుట్టుకున్నాయి. రంగు మారలేదు. పట్టుకుంటే మందంగా, తోలులా ఉంది. గట్టిగా నొక్కితే పటుక్కున విరిగింది. కొస చిగురు మాత్రం లేతగా, విప్పారి, ఏ తేడా లేకుండా ఉంది.

రెండు రోజుల ముందు అర్క రక్షక్ మొక్కలకు పక్క పిలకలన్నీ ఒక్క పూటలో గిల్లేశాం. ఎదిగే కొసలు ఒక్కసారిగా తగ్గిపోతే, ఆకులు తయారుచేసిన పిండి పదార్థం పోయే దారి లేక ఆకుల్లోనే పేరుకుంటుంది. ఆకు మందమై చుట్టుకుంటుంది. ఎండ తోడైతే ఇంకా త్వరగా. పిలకలు గిల్లని పీకేఎం-1 నాలుగింటికీ ఇది లేదు. గిల్లినా పందిరి నీడలో ఉన్న 7వ దానికి రెండు ఆకులే చుట్టుకున్నాయి. అంటే తెగులు కాదు, మొక్క సర్దుబాటు.

చేయాల్సింది ఏమీ లేదు. ఆ ఆకులు మళ్లీ విప్పుకోవు, కాపుకూ నష్టం లేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు: ఆకు ముడిచింది కాబట్టి దాహం అనుకుని నీళ్లు రెట్టింపు పోస్తారు, వారానికి వేళ్లు కుళ్లుతాయి. మట్టిలోకి చేతి వేలు రెండంగుళాలు గుచ్చి చూస్తే తడి తెలుస్తుంది. అన్ని సంచుల్లోనూ తడి సరిగానే ఉంది. ఇకపై పిలకలు రెండంగుళాలు ఉన్నప్పుడే, వారానికి రెండు మూడు చొప్పున గిల్లాలి.

ఫిబ్రవరి 27

4వ మొక్క. ఆకు అంచులు ఎండి గోధుమ రంగుకు తిరిగి లోపలికి వంగాయి, ముదురాకుల్లో ఎక్కువ. ఆకు మధ్య భాగం పచ్చగానే ఉంది. మట్టి మీద తెల్లటి పొర. వేలితో గీకితే పొడిలా లేచింది.

ట్యాంకు కిందున్న ఆర్వో యంత్రం వదిలే వృథా నీళ్ల పైపు ఈ సంచి దగ్గరే తేలుతుంది. నీళ్లు వృథా కాకుండా చూద్దామని నెల రోజులుగా దీనికి అవే పోశారు. ఉద్దేశం మంచిదే. నీళ్లలో కరిగిన ఉప్పును పీపీఎంలో చూపే టీడీఎస్ మీటరు పెడితే: బోరు నీళ్లు 780, మున్సిపల్ కుళాయి నీళ్లు 210, ఆర్వో వృథా నీళ్లు 1,650. తాగే నీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా ఈ సంచిలోకే చేరింది.

సంచిలో ఎంత పేరుకుందో చూడటం తేలిక. మామూలుగా నీళ్లు పోసి గంట ఆగాలి. తర్వాత పైనుంచి ఒక గ్లాసు ఆర్వో మంచినీళ్లు నెమ్మదిగా పోసి, అడుగు రంధ్రాల నుంచి మొదట కారిన నీళ్లు పట్టి మీటరు పెట్టాలి. 4వ సంచి 2,900 చూపింది. మిగతావి 900 నుంచి 1,200 మధ్య ఉన్నాయి. ఈ మీటర్లలో చాలావాటికి లెక్క ఇది: 500 పీపీఎం అంటే ఈసీ (ఉప్పును బట్టి పెరిగే విద్యుత్ వాహకత) 1. అంటే ఇక్కడ దాదాపు 6. మట్టిని నీళ్లతో ముద్దలా తడిపి తీసిన సారంలో ఈసీ 2.5 దాటితే టమోటా దిగుబడి తగ్గడం మొదలవుతుంది. కారిన నీళ్ల అంకె, మట్టి సారం అంకె ఒకటి కావు గానీ, 6 చూశాక ఆ తేడా గురించి వాదించనక్కర్లేదు.

కడగడం: 18 లీటర్ల మట్టికి 36 లీటర్ల కుళాయి నీళ్లు, ఒక్కసారి కాదు, మూడు విడతలుగా, మధ్యలో అరగంట ఆగి. కింద రెండు ఇటుకలు పెట్టి సంచిని ఎత్తాం, లేకపోతే కారిన ఉప్పు నీళ్లలోనే సంచి కూర్చుంటుంది. సాయంత్రానికి 1,100కు దిగింది. ఉప్పుతో పాటు పోషకాలూ కొట్టుకుపోతాయి కనుక నాలుగు రోజుల తర్వాత రెండు గుప్పెళ్ల వానపాముల ఎరువు వేశాం.

మార్చి 5

పసుపు జిగురు అట్టలు కట్టిన వారం. కొన్నవి రెండు. మిగతావి పసుపు ప్లాస్టిక్ మూతలకు ఆముదం పూసి చేసినవి, పని బాగానే చేస్తున్నాయి. ట్యాంకు పక్క అట్టకు 22 తెల్లదోమలు, పడమటి గోడ దగ్గర 6. ఇంటి వెనక ఖాళీ స్థలంలో తుత్తురబెండ, వయ్యారిభామ నడుములోతు పెరిగి ఉన్నాయి. దోమ వచ్చేది అక్కడి నుంచే. గాలికి ఎండకు చాటుగా ఉన్న ట్యాంకు మూల వాటికి అనువైన చోటు. అట్ట మొక్క కొస కంటే అరడుగు పైన ఉండాలి. మొక్క పెరిగే కొద్దీ పైకి కట్టకపోతే ధూళి తప్ప ఏమీ అంటదు.

మార్చి 12

ఈ డైరీకి అసలు రోజు ఇదే. 5, 6 రెండింటికీ కొస ముడత. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే: గిడసబారిన కొస, చిన్న ఆకులు, ముడత. చూసిన ఇద్దరూ ఒకే మాట అన్నారు: వైరస్, రెండూ పీకేయాలి.

దగ్గరికి వెళ్తే రెండూ ఒకటి కావు.

5వ మొక్కలో ఆకు అంచులు కిందికి తిరిగాయి, పడవను బోర్లించినట్టు. లేత ఆకులు సన్నగా, గట్టిగా, పెళుసుగా ఉన్నాయి. అడుగు భాగం మెరుస్తోంది, నూనె రాసినట్టు, కంచు రంగు. ఈనెల మధ్య పసుపు లేదు. రెండు పూగుత్తులు విచ్చకుండానే మాడి రాలాయి. ముదురాకులు మామూలుగా ఉన్నాయి.

6వ మొక్కలో అంచులు పైకి లేచి దొప్పలా అయ్యాయి. అంచుల వెంట, ఈనెల మధ్య లేత పసుపు. ఆకులు బొటనవేలి గోరంత. కణుపుల మధ్య దూరం తగ్గి కొసంతా కుచ్చులా గుమిగూడింది. అడుగున మెరుపు లేదు, మరక లేదు.

మిరప రైతులకు పాత లెక్క ఒకటుంది: పై ముడత అయితే తామర పురుగు, కింది ముడత అయితే తెల్లనల్లి. టమోటాలో రెండో సగం బాగానే పనికొస్తుంది. మొదటి సగం అంతగా కాదు, ఎందుకంటే ఇక్కడ పైకి ముడిచేవి చాలా ఉన్నాయి: ఎండ, పిలకలు గిల్లడం, వైరస్. అందుకే దిశ ఒక్కటే చాలదు. కొస ఆకా, కింది ఆకా, రంగు మారిందా, ఆకు చిన్నదైందా, అడుగున ఏముంది. ఈ నాలుగూ కలిపి చూడాలి.

అడుగున ఏముందో పది రెట్లు చూపే భూతద్దంలో తేలలేదు. తెల్లనల్లి పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు. మామూలు కంటికి, మామూలు అద్దానికి అది లేనట్టే. ఎర్రనల్లిలా గూడు అల్లదు, కాబట్టి ఆ గుర్తు కూడా ఉండదు. ఫోన్ కెమెరాకు తగిలించే 60 రెట్ల చిన్న మైక్రోస్కోపు పెట్టాం. 5వ మొక్క కొస నుంచి వేలిగోరంత ఆకు తుంచి, తిరగేసి, ఈనె వెంట నెమ్మదిగా జరిపితే మొదట కనిపించింది పురుగు కాదు, గుడ్డు. కోలగా, గాజులా పారదర్శకంగా ఉంది. దాని మీద వరుసలు తీరిన తెల్లటి చుక్కలు, నానిన సగ్గుబియ్యం గింజ మీద ముగ్గు చుక్కలు పెట్టినట్టు. ఆ చుక్కల గుడ్డు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు, తెల్లనల్లే. పక్కన రెండు లేత పసుపు నల్లులు కదులుతున్నాయి. మిరప కుండీ చిగుళ్లలోనూ అవే గుడ్లు. 6వ మొక్క నుంచి ఐదు ఆకులు తీసి చూశాం. గుడ్డు లేదు, నల్లి లేదు. అడుగున రెండు తెల్లదోమ పిల్లలు మాత్రం అతుక్కుని ఉన్నాయి.

ఇంకో సంగతి. తెల్లనల్లి ఎగరలేదు. అయినా తెల్లదోమ కాళ్లు పట్టుకుని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు ప్రయాణిస్తుంది. అంటే ఈ మూలన వైరస్‌కూ నల్లికీ బండి ఒకటే అయ్యుండొచ్చు.

మార్చి 13, సాయంత్రం

5, 6, మిరప కుండీ మూడింటికీ నీటిలో కలిసే గంధకం పొడి, 80 శాతం రకం, లీటరుకు 3 గ్రాములు. ముందు చెంచాడు నీళ్లలో ముద్దలా కలిపి తర్వాత లీటరు చేయాలి, నేరుగా వేస్తే పైన తేలుతుంది. ఆకు అడుగు, కొస మొగ్గల మధ్య సందులు తడవాలి. ఐదున్నర తర్వాతే కొట్టాం. ఎండ 32 డిగ్రీలు దాటినప్పుడు గంధకం ఆకును మాడుస్తుంది. వేపనూనె కొట్టిన మొక్క మీద రెండు వారాల లోపు గంధకం, గంధకం మీద వేపనూనె కొట్టకూడదు. ఈ మూడింటికీ ఇంతవరకు నూనె తగల్లేదు, అందుకే ధైర్యం.

6వ దానికి నల్లి లేదని తెలిసీ కొట్టింది పరీక్ష కోసం. దాన్ని పాత దోమతెర ముక్కతో కప్పి కట్టాం, దాని మీది దోమ మిగతా వాటి మీదికి అంత తేలిగ్గా పోకుండా.

రెండింటికీ కొస ఆకు కింద కాండానికి పసుపు దారం వదులుగా కట్టాం. చిన్న పనే గానీ చాలా అవసరం. ఒకసారి వంకరపోయిన ఆకు మందు పనిచేసినా తిన్నగా కాదు. వారం తర్వాత పాత ఆకుల్నే చూసి ‘మందు పనిచేయలేదు’ అనుకుని ఇంకో మందు, ఇంకో మందు అని కొడుతూ పోతారు. దారం పైన పుట్టిన ఆకే సాక్ష్యం.

మార్చి 21

20న రెండో విడత గంధకం పడింది. గుడ్డు నుంచి గుడ్డు పెట్టే దాకా తెల్లనల్లికి వారం చాలు, కాబట్టి ఒక్క విడత సరిపోదు. 5వ మొక్కలో దారం పైన రెండు కొత్త ఆకులు, వెడల్పుగా, మెత్తగా, తిన్నగా. 6వ దానిలో దారం పైన మూడు ఆకులు, పావలా కాసంత, పసుపు అంచులతో, దొప్పలై. తేలిపోయింది.

వైరస్ అంటుకున్న రెండు మూడు వారాలకు గానీ లక్షణాలు బయటికి రావు. అంటే 6వ మొక్కకు ఫిబ్రవరి చివర్లోనే అంటి ఉండాలి, అట్టలు కట్టకముందే. మందు లేదు. పీకడమే.

పీకే పద్ధతి: తెల్లవారకముందు, దోమ మందకొడిగా, కదలకుండా ఉన్నప్పుడు. కదపకుండా పైనుంచి పెద్ద పాలిథిన్ సంచి తొడిగి, మొక్క మొదలు దగ్గర కట్టి, తర్వాత కాండం కోయాలి. పట్టపగలు ఊపి పీకితే దోమంతా పక్క మొక్కల మీద వాలుతుంది. సంచిని రెండు రోజులు ఎండలో పెట్టి పారేశాం. మట్టి పారేయనక్కర్లేదు. ఈ వైరస్ మట్టిలో నిలవదు, కత్తెరతోనో చేతులతోనో అంటదు, దోమే దాని దారి. చెట్టున ఉన్న నాలుగు కాయలూ తినొచ్చు. వంటింట్లోకి వెళ్లాయి.

మార్చి 22

తెల్లదోమ కోసం 1, 2, 3, 4, 7, 8కి వేపనూనె, 1500 పీపీఎం రకం, లీటరుకు 5 మిల్లీలీటర్లు. కలవడానికి కుంకుడుకాయ రసం. 5వ మొక్కకు గంధకం తడి ఉంది కనుక వదిలేశాం. రసాన్ని పలచని బట్టలో ఒక్కసారే వడకట్టడంతో నాలుగు మొక్కలయ్యేసరికి పిప్పి పట్టి స్ప్రేయర్ ముక్కు మూసుకుపోయింది. (రెండు మడతల గుడ్డలో వడకట్టాలి.) 7, 8కి పక్కింటి పంపు అరువు తెచ్చి, అదే మందు పోసి కొట్టాం.

మార్చి 24 నుంచి 29

24న 7, 8 మొక్కల ఆకు కాడలు కిందికి వంగి మెలి తిరిగాయి. లేత కాండం పాము వంకర. 29కి 8వ మొక్క కొత్త ఆకులు ఆకుల్లా లేవు: ఈనెలన్నీ పక్కపక్కన సమాంతరంగా తీసినట్టు, ఆకు సన్నటి పీలికలా, ఫెర్న్ మొక్కలా. వైరస్‌కు ఇంత వేగం ఉండదు, నల్లికి ఈ మెలిక ఉండదు. పందిరి చిక్కుడు చిగుళ్లూ దొప్పలై మెలి తిరిగాయి. సంబంధం లేని రెండు జాతులకు ఒకే వారం ఒకే వంకర వచ్చిందంటే తెగులు కోసం వెతకడం మానేయాలి.

1 నుంచి 4 దాకా అదే నూనె, అదే రసం, అదే సాయంత్రం. వాటికేమీ కాలేదు. మారింది పంపు ఒక్కటే. అడిగితే, పోయిన నెల దాంతో 2,4-డి అనే కలుపు మందు కొట్టారని తేలింది, తర్వాత నీళ్లతో ఒకసారి కడిగారట. 2,4-డి విషయంలో టమోటా, చిక్కుడు మహా సుకుమారం. రబ్బరు గొట్టంలో, వాషర్ల సందుల్లో మిగిలినది చాలు.

రుజువు కోసం రెండు పేపర్ కప్పుల్లో మొలిచి ఉన్న అలసంద మొలకలు తీసుకుని, ఒక దానిమీద ఆ పంపులోంచి ఉత్త నీళ్లు, ఇంకోదానిమీద కుళాయి నీళ్లు చల్లాం. మూడో రోజుకు మొదటి కప్పులోది మెలి తిరిగింది. కొన్న ఎరువు మీదో, తెచ్చిన నీళ్ల మీదో అనుమానం ఉన్నా ఇదే పరీక్ష పనికొస్తుంది. ఖర్చు పది గింజలు.

8వది పీకేశాం, కంపోస్టులో వేయలేదు. 7వది కొంచెం తేలిగ్గా తగిలింది కాబట్టి మెలి తిరిగిన కొసలు కోసి, కింద కణుపు దగ్గర దారం కట్టి ఉంచాం. దాని మీద ఉన్న కాయలు కోసి పారేశాం. కలుపు మందు పంపు ఎంత కడిగినా తోటలోకి రాకూడదు. లీటరు స్ప్రేయర్ ఇంకోటి కొన్నాం.

ఏప్రిల్ 8

ఎండలు ముదిరాయి. 1, 2, 3 మధ్యాహ్నం రెండు గంటలకు మొక్క మొత్తం ముడుచుకుంటోంది. పొద్దున ఆరుకు చూస్తే విప్పారి ఉంది. దీనికి పొద్దుటి చూపు ఒక్కటే పరీక్ష: తెల్లారికి విప్పుకుంటే ఎండ. మట్టి తడిగా ఉండి కూడా తెల్లారికి విప్పుకోకపోతే వేళ్లలో తేడా ఉన్నట్టు. అప్పుడు ఒక పక్క మట్టి తవ్వి, వేళ్ల మీద బుడిపెలు ఉన్నాయేమో నులిపురుగు కోసం చూడాలి.

వంటకు వాడే సూది థర్మామీటరును సంచి పక్క నుంచి రెండంగుళాలు లోపలికి గుచ్చితే మూడు గంటలకు పడమటి వరుసలో 43 డిగ్రీలు. ట్యాంకు నీడలో 34. నల్ల సంచి, కింద సిమెంటు, వెనక వేడెక్కిన గోడ. ఆ వేడిలో తడి ఉన్నా వేరు నీళ్లు సరిగా లాగలేదు. కాబట్టి ఇక్కడా నీళ్లు పెంచడం మందు కాదు, వేరును చల్లబరచడం మందు.

సంచులను గోడకు అడుగు దూరం జరిపాం. చుట్టూ తడి గోనెసంచి, కింద ఇటుకలు, మట్టి మీద రెండంగుళాల మందాన వేరుశనగ పొట్టు. ఈ జిల్లాలో అడిగితే బస్తా దొరికే సరుకు, వరిగడ్డి కంటే గాలికి నిలుస్తుంది. 11 నుంచి 4 దాకా 50 శాతం షేడ్ నెట్, రోజంతా కాదు. నీళ్లు పొద్దున ఆరుకు రెండు లీటర్లు, సాయంత్రం ఒకటి. రెండు రోజులకు అదే చోట 36. మధ్యాహ్నం ముడత సగం తగ్గింది. పూత రాలడం మాత్రం ఆగలేదు. పగలు 35 దాటి రాత్రి కూడా వేడి దిగకపోతే పుప్పొడి పనిచేయదు. నెట్ దానికి కొంతవరకే.

ఏప్రిల్ 15

మిగిలినవి ఆరు. 4వది కొత్త ఆకుల్లో అంచు మాడు లేదు, కారే నీళ్లు 950. 5వది కాపు మీద ఉంది, మైక్రోస్కోపులో గుడ్లు లేవు. మిరప కుండీని అవతలి మూలకు మార్చాం. ట్యాంకు పక్క అట్టకు ఈ వారం దోమలు 7. వెనక స్థలంలో కలుపు కోయించారు, నూనె కంటే దాని ప్రభావమే ఎక్కువని అనుమానం. జూన్ నారు కోసం 40 మెష్ (అంగుళానికి 40 రంధ్రాల) తెరతో చిన్న గూడు కడుతున్నాం. వైరస్ నారు దశలో అంటితే ఒక్క కాయ కూడా దక్కకపోవచ్చు, తెర అవసరం అప్పుడే ఎక్కువ.

7వ మొక్క దారం కింద కణుపు నుంచి ఒక పిలక వేసింది. మూడు ఆకులు, ఈనెలు మామూలుగా చీలాయి.

3వ మొక్క కొసన నిన్నటి నుంచి ఒక ఆకు పైకి లేచి ఉంది. రంగు మారలేదు, అడుగున ఏమీ లేదు, పొద్దున ఆరుకు కూడా విప్పుకోలేదు. దారం కట్టాం. 22న చూడాలి.